నాన్నకు నచ్చే క్రీమ్ కలర్ ఎక్కడ దొరుకుతుంది?

మా ఫ్లాట్ చూడ్డానికి నాన్న మొదటిసారి వచ్చినప్పుడు చెప్పులు విడిచి, హాల్ మధ్యలో నిలబడి, నాలుగు గోడల వైపూ ఒకసారి చూసి ఒకే ఒక్క మాట అన్నారు.

‘‘ఆసుపత్రిలా ఉందమ్మా.’’

అంతే. టీ తాగారు. బాల్కనీలోంచి కిందికి తొంగి చూశారు. రాత్రి రైలుకి తెనాలి వెళ్లిపోయారు.

మియాపూర్‌లో ఈ రెండు బెడ్‌రూముల ఫ్లాట్ కొన్నదే నాన్న నాతో ఉంటారని. అమ్మ పోయి రెండేళ్లు. చివర్లో ఇరవై మూడు రోజులు నాన్న ఆసుపత్రి వరండాలో ఇనుప కుర్చీ మీదే గడిపారు. కాబట్టి అది ఆయన ఊరికే అనేసిన మాట కాదు. పైగా ముందే షరతు పెట్టారు: ‘‘రెండు నెలలు ఉండి చూస్తా. కుదరకపోతే మన ఊరు మనకుంది. నువ్వేం అనుకోకూడదు.’’

చేతిలో ఉన్నది రెండు నెలలు. ముందు ఆ తెల్లగోడల సంగతి తేల్చాలి.

‘‘ఏ రంగు వేయిద్దాం నాన్నా?’’ అని ఫోన్లో అడిగితే, ‘‘మనింటి గోడల్లాంటిది ఏదో ఒకటి వేయించు. కంటికి హాయిగా ఉండాలి, అంతే’’ అన్నారు. బెంగళూరులో ఉన్న తమ్ముడైతే వాట్సాప్‌లో ఒక్క లైన్‌తో తేల్చేశాడు: ‘‘క్రీమ్ కలర్ వేసెయ్ అక్కా, దానికింత ఆలోచనెందుకు?’’

నేనూ అదే అనుకున్నా. క్రీమ్ కలరే కదా! ఆ ‘కదా’ ఖరీదు అక్షరాలా 13 వేల రూపాయలు.

ఫోన్లో బిస్కట్, గోడ మీద బ్యాండేజీ

ఇప్పుడు ఇన్‌స్టా తెరిస్తే ఇళ్లన్నీ ఈ రంగుల్లోనే ఉంటున్నాయి. మీగడ, గంధం, బిస్కట్, లేత కాఫీ. 2025 సంవత్సరానికి పాంటోన్ సంస్థ ఎంచుకున్న రంగు కూడా మోకా మూస్, అంటే కాఫీలో పాలు ఎక్కువైనట్టుండే గోధుమ రంగు. వీటన్నిటినీ కలిపి ‘వార్మ్ న్యూట్రల్స్’ అంటున్నారు. మొదట ఆ పేరు వినగానే నాకు నవ్వొచ్చింది. మే నెలలో హైదరాబాద్‌లో కూర్చుని ఇంటికి ‘వార్మ్’ రంగు కావాలనుకునే వాళ్లెవరండీ? మనం నచ్చిన రంగుని ‘కంటికి చల్లగా ఉంది’ అంటాం. కానీ ఇక్కడ వార్మ్ అంటే వేడి కాదు. తెలుపులోనో బూడిద రంగులోనో పసుపు, ఎరుపు, గోధుమ ఛాయలు కొంచెం కలిస్తే వచ్చే మెత్తదనం. నాన్న అన్న ‘హాయి’ అదే.

నచ్చిన ఒక ఫొటోని స్క్రీన్‌షాట్ తీసి పెయింట్ షాపుకి వెళ్లా. కౌంటర్ దగ్గరున్న అబ్బాయి ఫోన్ చూసి, విసనకర్రలా విచ్చుకునే షేడ్ కార్డు తీసి, అర నిమిషంలో ఒక నంబర్ మీద వేలు పెట్టాడు. అచ్చం అలాగే ఉంది. పది లీటర్లు మెషీన్లో కలిపించేశా.

పెయింటర్ అన్న రెండు రోజుల్లో హాలు, డైనింగు పూర్తి చేశాడు. పగలు బాగానే ఉంది. రాత్రి ఏడింటికి ఆఫీసు నుంచి వచ్చి లైటు వేశా.

గోడలన్నీ పింక్!

చక్కటి గులాబీ రంగైనా కాదు. దెబ్బకి అంటించే బ్యాండేజీ పట్టీ ఉంటుంది చూడండి, ఆ రంగు. కంగారుగా పెయింటర్ అన్నకి ఫోన్ చేస్తే, ‘‘ఏం కాదు మేడమ్, పూర్తిగా ఎండినంక సెట్ అయితది’’ అన్నాడు. ఎండింది. ఇంకా ముదిరింది. ఎమల్షన్ పెయింట్ తడిగా ఉన్నప్పుడు పాలు కలిసినట్టు లేతగా కనిపించి, ఆరాక ఓ మెట్టు ముదురుతుందన్న సంగతి నాకు అప్పటికి తెలీదు. ఇంకో విషయం కూడా తెలీదు. కార్డు మీద రెండంగుళాల ముక్కగా ఉన్న రంగు, నాలుగు గోడలకీ ఎక్కాక మరింత గాఢంగా కనిపిస్తుంది. ఒక గోడ రంగు ఎదురు గోడ మీద పడి, మళ్లీ అక్కడి నుంచి ఇటు వచ్చి, గది మొత్తం ఆ రంగులో ఊరుతుందన్నమాట. అందుకే కార్డులో నచ్చినదాని కంటే ఒక మెట్టు లేతది తీసుకోమంటారు.

కలిపిన రంగు షాపు వాళ్లు వెనక్కి తీసుకోరు. అది వాళ్ల తప్పేం కాదు. మనం అడిగిన నంబరే ఇచ్చారు.

లోపల దాక్కున్న రంగు

ఆ వారమంతా నేను చేసిన పని షేడ్ కార్డులు పట్టుకుని కూర్చోవడం. అప్పుడు అర్థమైంది, ‘క్రీమ్ కలర్’ అనే ఒక్క రంగు లేనే లేదు. ప్రతి లేత రంగు లోపలా ఇంకో రంగు దాక్కుని ఉంటుంది. దాన్ని అండర్‌టోన్ అంటారు. మీగడ, దంతం, గంధం లాంటివాటిలో పసుపు ఉంటుంది. బిస్కట్, పీచ్, ఇసుక రంగుల్లో చాలావాటికి గులాబీ ఉంటుంది. ఖాకీ వైపు వెళ్లేవాటిలో ఆకుపచ్చ. బూడిద, గోధుమ కలిసిన ‘గ్రేజ్’లో ఏదైనా ఉండొచ్చు, అదో లాటరీ.

విడిగా చూస్తే ఈ దాగుడుమూతలు మన కంటికి అందవు. పక్కన పెట్టి పోల్చాల్సిందే. మామూలు జిరాక్స్ పేపర్ మీద నాలుగు క్రీములు వరసగా పెట్టి చూడండి. ఒకటి నెయ్యి, ఒకటి పెదవి, ఒకటి ఎండు గడ్డి, ఒకటి తడి సిమెంటు. ఇంతసేపూ నాలుగూ ఒకటే అనుకున్నామా అనిపిస్తుంది. ఇంకో చిట్కా ఉంది. షేడ్ కార్డు పట్టీలో మీకు నచ్చిన లేత రంగు కింద అదే వరసలో ముదురు రంగులుంటాయి కదా, అట్టడుగున ఉన్నది చూడండి. సాధారణంగా పైన దాక్కున్న ఛాయ అక్కడ బయటపడుతుంది. నేను పది లీటర్లు కొన్న బిస్కట్ రంగు పట్టీలో అట్టడుగున ఉన్నది ఇటుక గులాబీ. ముందే కిందికి చూసుంటే 13 వేలు మిగిలేవి.

దీనికి మా ఇంటి నేల కూడా తోడైంది. బిల్డర్లకి ఇష్టమైన ఐవరీ టైల్స్ అవి, అద్దంలా మెరిసేవి. వాటిలో పసుపుతో పాటు రవ్వంత ఆకుపచ్చ ఉంది. ఆకుపచ్చ పక్కన గులాబీ ఛాయ పెడితే ఆ గులాబీ ఇంకా రెచ్చిపోతుంది. దానికి తోడు తెల్లటి ట్యూబులైట్.

ఈ పొరపాటు చేసింది నేనొక్కదాన్నే కాదని తెలిసి కాస్త ఊరట కలిగింది. అమెరికాలో జాన్స్ హాప్కిన్స్ యూనివర్సిటీ ఖగోళ శాస్త్రవేత్తలు కార్ల్ గ్లేజ్‌బ్రూక్, ఇవాన్ బాల్డ్రీ రెండు లక్షలకు పైగా గెలాక్సీల వెలుగునంతా కలిపి, సగటున విశ్వం రంగేమిటో లెక్కగట్టారు. 2002లో ముందు లేత నీలి ఆకుపచ్చ అని ప్రకటించారు. తర్వాత చూసుకుంటే, వాళ్ల ప్రోగ్రాంలో ‘తెలుపు’ అంటే ఏదో చెప్పే దగ్గరే తేడా ఉంది. సరిచేసి చూస్తే తేలిన రంగు... క్రీమ్! దానికి ‘కాస్మిక్ లాటే’ అని పేరు పెట్టారు. ఏది తెలుపో ముందు సరిగ్గా తేల్చుకోకపోతే విశ్వం రంగే తారుమారైంది, నా హాలెంత?

తెనాలి గోడ ముక్క

రెండోసారి తప్పు చేయకూడదని నేరుగా అసలు రంగుకే వెళ్లా. ఒక శనివారం తెనాలి వెళ్లి, మా ఇంటి నడవలో క్యాలెండర్ వెనక గోడ నుంచి గోరంత పెచ్చు ఊడదీసి, అగ్గిపెట్టెలో పెట్టుకుని తెచ్చా. నాన్న చూసి ‘‘ఇల్లు పట్టుకెళ్తున్నావా ఏంటే?’’ అన్నారు.

మాది పెంకుటిల్లు. ఏళ్ల తరబడి సంక్రాంతికి ముందు సున్నం వేయడం, అందులో కాస్త పసుపుపచ్చ పొడి కలపడం అలవాటు. తెల్లగా కావాలనుకునే వాళ్లు నీలిమందు కలుపుతారు. మా అమ్మకి ఆ నీలి తెలుపు నచ్చేది కాదు. ఎంత పొడి కలపాలన్నది మాత్రం ఎవరూ ఎక్కడా రాసి పెట్టలేదు. ఆమె బకెట్లో కర్ర తిప్పి, గోడ మీద ఓ గీత గీసి, ‘‘ఇంకొంచెం’’ అనేది. ఆ ‘ఇంకొంచెం’కి షేడ్ నంబర్ లేదు.

పెద్ద పెయింట్ షాపుల్లో రంగుని స్కాన్ చేసే చిన్న పరికరం ఉంటుంది. పెచ్చు మీద పెడితే దగ్గరి షేడ్ చెప్తుంది. చెప్పింది. ఈసారి తెలివి తెచ్చుకుని పది లీటర్లు కాదు, దొరికిన వాటిలో అతి చిన్న శాంపిల్ డబ్బా తెచ్చా. రెండు కోట్లు వేసి హాల్లో పెట్టి చూస్తే... మట్టి కొట్టుకుపోయినట్టు ఉంది. అసలు మా ఇంటి రంగే కాదు!

ఇదేంటని రెండు రోజులు బుర్ర గోక్కున్నా. తెనాలిలో తీసిన ఫొటోలు పెద్దవి చేసి చూస్తుంటే కారణం దొరికింది. గోడల్లో కాదు, కింద ఉంది. మా ఇంట్లో నేల ఎర్ర గచ్చు. తూర్పు వాకిలి. పొద్దున్నే ఎండ వాకిట్లోంచి లోపలికొచ్చి, ఆ ఎర్రటి నేల మీద పడి, అక్కణ్నుంచి గోడలకి ఎగబాకుతుంది. నా చిన్నప్పటి నుంచి నేను చూసిన ఆ వెచ్చటి రంగులో సగం సున్నానిది, మిగతా సగం గచ్చుది. పెచ్చు అగ్గిపెట్టెలో పట్టింది గానీ, గచ్చు పట్టలేదు.

ఇక్కడ నా హాలు కిటికీ ఉత్తరం వైపు. మన దగ్గర ఏడాదిలో ఎక్కువ భాగం ఉత్తరపు కిటికీలోంచి నేరుగా ఎండ రాదు, ఆకాశం వెలుగే వస్తుంది. అది కాస్త నీలంగా ఉంటుంది. దానికి ఎదురుగా పది అడుగుల దూరంలో పక్క అపార్ట్‌మెంట్ గోడ, దాని రంగు లేత బూడిద. అంటే నా గదిలోకొచ్చే వెలుగే చల్లటిది. ఇలాంటి గదికి గ్రేజ్ వేస్తే సిమెంటు గోడే. పసుపు ఛాయ ఉన్న గంధం, మీగడ లాంటివైతే ఆ నీలాన్ని సర్దుతాయి. అదే పడమటి గదైతే కథ వేరు. సాయంత్రం నాలుగు దాటాక నారింజ ఎండ దూసుకొస్తుంది, అక్కడ పసుపు క్రీమ్ వేస్తే గది మామిడి తాండ్రే. పడమటి గదులకి బూడిద కలిసిన నిదానమైన రంగు మేలు. మా పడమటి బెడ్‌రూముకి చివరికి అదే వేశాం.

షేడ్ ఎంచేటప్పుడు ఇంకో అంకె కూడా చూడండి. ఎల్ఆర్‌వీ అని, రంగు ఎంత వెలుగుని తిప్పి పంపుతుందో చెప్పే లెక్క. నలుపుకి 0, తెలుపుకి 100. చాలా కంపెనీల వెబ్‌సైట్లలో షేడ్ పక్కనే ఇస్తారు. తెనాలి పెచ్చుతో తేలిన షేడ్ 50 దాటలేదు. ఎండ దండిగా వచ్చే ఇంటికి అది చాలు. నా చీకటి హాలుకి కనీసం 65 కావాలని అప్పుడు తెలిసింది.

ఒక కన్నుకి గంధం, ఒక కన్నుకి పాలు

ఇంతలో నాన్న వచ్చేశారు. రంగు నచ్చి కాదు, కంటి ఆపరేషన్‌కి. రెండు కళ్లలోనూ శుక్లాలు. ముందు కుడి కన్నుకి చేసి, నెల తర్వాత ఎడమది చేస్తామన్నారు. ఆ పింక్ హాల్లోకే తీసుకొచ్చా. అదృష్టమో ఏమో, ఆయనకి పింక్ కనపడలేదు. ‘‘బానే ఉందిగా, మన గోడల్లాగే పచ్చగా ఉంది’’ అన్నారు. తమ్ముడు ‘చూశావా, వదిలెయ్’ అన్నాడు. నేనూ వదిలేద్దామనే అనుకున్నా. 13 వేలు దక్కినట్టే కదా.

కుడి కంటి కట్టు విప్పిన మర్నాడు పొద్దున్నే నాన్న హాల్లో నిలబడి ఓ కన్ను మూసి, ఇంకో కన్ను తెరిచి, మళ్లీ అటుదిటు మార్చి చూస్తున్నారు. చిన్నపిల్లాడిలా.

‘‘ఈ కంటికి గోడ పచ్చగా ఉంది. ఈ కంటికి గులాబీగా ఉంది. ఏది నిజమమ్మా?’’

డాక్టర్ గారిని అడిగితే ఇది మామూలే అన్నారు. వయసుతో పాటు కంట్లో లెన్స్ పసుపుబారుతుంది, నీలం వెలుగుని ఆపేస్తుంది. అది నెమ్మదిగా జరుగుతుంది కాబట్టి మనకి తెలీదు. ఆపరేషన్‌లో దాన్ని తీసి తేటగా ఉండే కొత్త లెన్స్ పెడతారు. దాంతో తెలుపు ఒక్కసారిగా తెల్లగా, కొందరికి నీలంగా కూడా కనిపిస్తుంది. ఫ్రెంచ్ చిత్రకారుడు క్లాడ్ మోనే 1923లో కుడి కన్నుకి శుక్లం ఆపరేషన్ చేయించుకున్నాక అంతా నీలంగా కనిపిస్తోందని గొడవ పెట్టాడట. ఆ తర్వాత రంగు అద్దాల కళ్లజోళ్లు కూడా వాడాడు.

అంటే మొదటిసారి ‘ఆసుపత్రిలా ఉంది’ అన్నప్పుడు నాన్న చూసింది పసుపు పొర వెనక నుంచి! అలా చూసినా ఆయనకి ఆ గోడలు చల్లగా అనిపించాయి. ఇక కొత్త కళ్లతో చూస్తే ఎలా ఉండేవో! పెద్దవాళ్ల కోసం రంగు ఎంచేవాళ్లు ఇది గుర్తుపెట్టుకోండి. మీకు కనిపించేదే వాళ్లకి కనిపిస్తుందని లేదు. ఆపరేషన్ దగ్గర్లో ఉంటే పెయింట్ కాస్త ఆగొచ్చు.

మేం ఆగాం. ఆ నెలంతా ఖాళీగా లేం. ప్లైవుడ్ షాపులో రెండడుగుల ముక్కలు ఐదు కోయించి, ఒక్కోదానికి ఒక్కో శాంపిల్ రెండు కోట్లు వేశాం. గోడ మీద నేరుగా వేస్తే చుట్టూ ఉన్న పాత రంగు మన తీర్పుని పాడు చేస్తుంది. పలకైతే ఎక్కడికైనా తిప్పొచ్చు. పొద్దున కిటికీ పక్కన, మధ్యాహ్నం సోఫా వెనక, రాత్రి డైనింగు దగ్గర, ఒకసారి టేకు తలుపుకి ఆనించి, ఒకసారి నేల మీద నిలబెట్టి. ఆ డ్యూటీ నాన్న తీసుకున్నారు. నేను ఆఫీసులో ఉంటే మూడింటికి ఫోన్: ‘‘నాలుగో నంబర్ ఇప్పుడు బూడిదలా ఉంది. కొట్టేస్తున్నా.’’ బ్యాంకులో క్యాషియర్‌గా చేసిన మనిషి. నకిలీ నోటు పట్టుకున్నంత సంబరం గొంతులో.

పలకల పరీక్షలో ఎక్కువ తేడా తెచ్చింది మాత్రం బల్బు. మనిళ్లలో ఎక్కువగా వేసేది 6500 కెల్విన్ ‘కూల్ డేలైట్’. వెలుగు ఎక్కువగా అనిపిస్తుందని అదే కొంటాం. దాని కింద ఐదు పలకలూ జబ్బుపడ్డట్టున్నాయి. అదే హోల్డర్లో 3000 కెల్విన్ ‘వార్మ్ వైట్’ పెడితే ఐదూ తేరుకున్నాయి. మరీ పచ్చగా వద్దనుకునేవాళ్లకి, వంటింటికి 4000 ఉంది. బల్బు పెట్టె మీద సీఆర్ఐ అని కూడా ఉంటుంది. అది 90 దగ్గర ఉంటే రంగులు ఉన్నవి ఉన్నట్టు కనిపిస్తాయి. ఒక్క మాట చెప్పనా, పెయింట్‌కి డబ్బుల్లేకపోతే ముందు బల్బులు మార్చి చూడండి. నాలుగైదు వందల్లో పోయేదానికి నేను వేలు తగలేశా.

జోడీ కుదిర్చే పని

రెండో కన్ను కూడా అయ్యాక నాన్న రెండో నంబర్ పలక మీద చెయ్యి వేశారు. లేత గంధం రంగు, ఎల్ఆర్‌వీ 70కి దగ్గర. గులాబీ లేదు, ఆకుపచ్చ లేదు. పాత పింక్ మీద ఒక కోటు ప్రైమర్, ఆపైన రెండు కోట్లు. మెరుపు వద్దు, మ్యాట్ ఫినిష్ చాలన్నాడు పెయింటర్ అన్న. ‘‘షైనింగ్ ఏస్తే పక్కకెల్లి లైటు పడ్డప్పుడు పుట్టీల గుంతలన్నీ కనవడ్తయి మేడమ్’’ అని నిజాయితీగా ఒప్పుకున్నాడు. డైనింగు గోడకి మాత్రం కడగడానికి వీలయ్యేది వేశాం. పులుసు మరకలు చరిత్రలో నిలిచిపోతాయి మరి. కిటికీ ఊచల మీద పాత ఆయిల్ పెయింట్ గీకేటప్పుడు అన్నకి మాస్క్ ఇచ్చి, నాన్నని పక్క గదిలో కూర్చోబెట్టా. ఇళ్లకి వాడే రంగుల్లో సీసం 90 పీపీఎం దాటకూడదన్న నిబంధన మన దేశంలో అమల్లోకి వచ్చింది 2017 నవంబరులో. అంతకు ముందు వేసిన రంగులో ఏముందో చెప్పలేం.

సీలింగ్ దగ్గర చిన్న యుద్ధం జరిగింది. అన్న ఎప్పట్లాగే తళతళలాడే తెలుపు తెచ్చాడు. ఆ నీలి తెలుపు పక్కన గంధం గోడ మాసిపోయినట్టు కనిపించింది. ఉతికిన పంచె పక్కన కట్టిన పంచెలా. షాపులో చెప్తే అదే షేడ్‌ని సగం గాఢతతో కలిపిచ్చారు, సీలింగ్‌కి అది వేశాం. ఇప్పుడు గోడ ఎక్కడ ఆగిందో, కప్పు ఎక్కడ మొదలైందో కంటికి గుచ్చుకోదు. గది కాస్త ఎత్తు పెరిగినట్టు కూడా ఉంది.

ఇక మిగిలింది ఎర్ర గచ్చు. టైల్స్ తవ్వించే స్తోమత లేదు. కానీ గచ్చు చేసే పని నాకు తెలుసు కదా, వెలుగుని ఎర్రగా చేసి గోడకి పంపడం. అందుకే కిటికీ కింద నుంచి సోఫా దాకా ముదురు జాజు రంగు జంపఖానా పరిచా. మెరిసే టైల్స్‌లో సగం దాని కింద దాక్కున్నాయి. ఎదురు గోడ కింది భాగం ఆ పూటే మారిపోయింది. నమ్మరేమో గానీ, పెయింట్ చేయలేని పని ఆ జంపఖానా చేసింది.

గంధం రంగుతో ఏం కలుస్తాయని అడిగితే నేను చెప్పేది మట్టిలోంచి, చెట్టులోంచి వచ్చేవన్నీ. టేకు, పేము కుర్చీ, ఇత్తడి, కుండ రంగు, గోంగూర ఆకు ఆకుపచ్చ, కలంకారీలోని ముదురు నీలం. నీలం కొంచెమైనా ఉండాలి. అన్నీ వెచ్చటివే పెడితే గది పులిసినట్టుంటుంది. మా ఇంట్లో అది రెండు కుషన్ కవర్లు. కుదరనివి కూడా ఉన్నాయి. పాత ఇంట్లోంచి తెచ్చుకున్న మెరిసే బూడిద కర్టెన్లు ఒక్కరోజు కూడా నిలవలేదు. తమ్ముడు పంపిన స్టీల్ గడియారం వంటింటికి వెళ్లింది. వాడికి ఇంకా చెప్పలేదు, ఇది చదివితే తెలుస్తుంది.

అన్నీ అయ్యాక నాన్న ఏమంటారోనని రెండు రోజులు ఎదురుచూశా. ఏమీ అనలేదు. మూడో రోజు సాయంత్రం తెనాలిలో పక్కింటి బాబాయికి ఫోన్ చేసి, ‘‘మా పడక కుర్చీ ఏదైనా ట్రాన్స్‌పోర్ట్ లారీలో వేయించు. గుడ్డ చిరిగింది, ఇక్కడ కుట్టించుకుంటాలే’’ అంటుంటే విన్నా. షేడ్ నంబరు, కలిపించిన తేదీ ఒక చీటీ మీద రాసి కరెంటు మీటరు పెట్టె తలుపు లోపల అతికించింది కూడా ఆయనే.

ఆ రెండు నెలలు ఇప్పుడు ఎనిమిదయ్యాయి. సంక్రాంతి వస్తోంది కదా, తెనాలి ఇంటికి రంగు వేయించాలట. శాంపిల్ పలకలు తీసుకెళ్దామా అని అడిగా.

‘‘అక్కడ ఎర్ర గచ్చుందిగా, ఏదైనా పర్లేదు’’ అన్నారు.